తుఫాన్స్‌కు గోల్ కొట్టే ఫార్వర్డ్ కావాలి

అనంతపురం,
ఆగస్టు, 2025

సంపాదకులు గారికి,

నమస్కారాలు. హాకీ ఇండియా లీగ్ వచ్చే సీజన్ కోసం జట్లన్నీ తమ ఆటగాళ్లలో ఎవరిని అట్టిపెట్టుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, వేలంలో ఎవరి కోసం ఎంతదాకా పోవాలి అని లెక్కలు వేసుకుంటున్న ఈ రోజుల్లో, హైదరాబాద్ తుఫాన్స్ జట్టు గురించి మా ఊళ్లో నలుగురు హాకీ అభిమానుల మధ్య సాగుతున్న వాదనను మీ పాఠకుల ముందు పెట్టాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. క్రికెట్ వేలం జరిగిన మర్నాడు పేజీలకు పేజీలు నింపే మన పత్రికల్లో హాకీ వేలానికి పట్టుమని పది వాక్యాల చోటు దొరకడం లేదు కాబట్టి, ఉత్తరం కాస్త పొడవైనా కత్తిరించకుండా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఆర్ట్స్ కళాశాల మైదానానికి ఉదయం నడకకు వచ్చేవాళ్లలో, ఒకప్పుడు విశ్వవిద్యాలయ జట్టుకో పోలీసు జట్టుకో ఆడి, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా చుట్లు తిరిగే హాకీ ఆటగాళ్లు కొందరున్నారు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైనవాణ్ణి. నడక ముగించుకుని టీ అంగడి దగ్గర చేరినప్పుడు, తుఫాన్స్ జట్టులో లోపం ఎక్కడుందన్న మాట వస్తే చాలు మూడు పక్షాలు ఏర్పడతాయి. ఎదుటి జట్టు తప్పు చేస్తే దొరికే పెనాల్టీ కార్నర్లు కొట్టడానికి మరో పేరుమోసిన డ్రాగ్ ఫ్లికర్‌ను, అంటే బంతిని ఈడ్చి గోల్‌లోకి విసిరేవాణ్ణి, కొనాలని ఒక పక్షం అంటుంది. ఫైనల్లో నాలుగు గోల్స్ ఇచ్చుకున్నాం కాబట్టి ముందు గోల్‌కీపర్‌ను మార్చాలని రెండో పక్షం. నాయకత్వమే మారాలన్నది మూడో పక్షం. ఈ మూడింటిలో దేనితోనూ నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆ జట్టుకు వెనుక బలముంది, మధ్య బలముంది. ఎదుటివాళ్ల సర్కిల్‌లోకి, అంటే గోల్ ముందున్న అర్ధవృత్తంలోకి చొరబడి, ఆట నడుస్తుండగానే గోల్ కొట్టగల నికార్సయిన భారతీయ ఫార్వర్డ్ లేడు. ఆ లోటును వదిలేసి ఇంకెక్కడ డబ్బు పెట్టినా ప్రయోజనం ఉండదని నా అభిప్రాయం.

ఎందుకిలా అంటున్నానో చెప్పడానికి 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలోని బిర్సా ముండా స్టేడియంలో శ్రాచీ రాఢ్ బెంగాల్ టైగర్స్‌తో జరిగిన ఫైనల్‌నే తీసుకుంటాను. మొదటి గోల్ మనదే. 9వ నిమిషంలో గొంజాలో పెయిలాట్ కొట్టాడు. 25వ నిమిషంలో బెంగాల్ జట్టు నుంచి జుగ్‌రాజ్ సింగ్ స్కోరు సమం చేస్తే, మరుసటి నిమిషంలోనే మన అమన్‌దీప్ లక్రా మళ్లీ ఆధిక్యం తెచ్చిపెట్టాడు. విరామం తర్వాత 32, 35 నిమిషాల్లో జుగ్‌రాజ్ వరుసగా రెండు కొట్టి హ్యాట్రిక్ పూర్తి చేశాడు. 39వ నిమిషంలో పెయిలాట్ 3-3 చేసి మనల్ని మళ్లీ నిలబెట్టాడు. ఆట ముగియడానికి ఆరు నిమిషాలు ఉందనగా, 54వ నిమిషంలో, న్యూజిలాండ్‌కు చెందిన సామ్ లేన్ నాలుగో గోల్ కొట్టడంతో 4-3 తేడాతో కప్పు బెంగాల్‌కు వెళ్లిపోయింది.

ఈ ఏడు గోల్స్ ఎవరెవరి స్టిక్ నుంచి వచ్చాయో మరొకసారి చూడండి. మన మూడింటిలో రెండు పెయిలాట్‌వి, ఒకటి అమన్‌దీప్‌ది. ఇద్దరూ డిఫెండర్లే, ఇద్దరూ డ్రాగ్ ఫ్లిక్‌కు పేరు పడ్డవాళ్లే. అటువైపు మూడు గోల్స్ కొట్టిన జుగ్‌రాజ్ కూడా అదే కోవకు చెందినవాడు. అంటే డ్రాగ్ ఫ్లికర్ల పోటీలో రెండు జట్లూ మూడుకు మూడుగా సరిసమానంగా తేలాయి. తేడా తెచ్చింది ఒక్క సామ్ లేన్. అతను ఫార్వర్డ్. మన ఫార్వర్డ్ వరుస మొత్తం ఆ అరవై నిమిషాల్లో ఒక్క గోల్ కూడా రాబట్టలేకపోయింది. లీగ్ దశలో మన ఫార్వర్డ్‌లు ఏమీ చేయలేదని నేను అనడం లేదు. సెమీఫైనల్లో హర్మన్‌ప్రీత్ సింగ్ ఉన్న సూర్మా జట్టును ఇంటికి పంపిన జట్టును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. ఏడేళ్ల విరామం తర్వాత తిరిగి మొదలైన లీగ్‌లో, మొట్టమొదటిసారి బరిలోకి దిగిన జట్టు రన్నరప్‌గా నిలవడం చిన్న సంగతేమీ కాదు. కానీ కప్పు ఎక్కడ చేజారిందో తెలుసుకోకుండా వేలానికి వెళ్తే, పోయినసారి చేసిన పనే మళ్లీ చేస్తారు.

పోయినసారి చేసిందేమిటి? 2024 అక్టోబరులో ఢిల్లీలో వేలం జరిగినప్పుడు ఒక్కో పురుషుల జట్టు చేతిలో 4 కోట్ల రూపాయలు ఉన్నాయి. ఆ డబ్బుతో 24 మందిని తీసుకోవాలి. అందులో ఎనిమిది మంది విదేశీయులు, పదహారు మంది మనవాళ్లు, ఆ మనవాళ్లలో కనీసం నలుగురు జూనియర్లు. మన జట్టు 68 లక్షలు పెట్టి పెయిలాట్‌ను కొన్నది; ఆ వేలంలో విదేశీ ఆటగాళ్లందరిలోకీ అదే పెద్ద ధర. తర్వాత సుమిత్‌కు 46 లక్షలు, నీలకంఠ శర్మకు 34 లక్షలు, జర్మన్ గోల్‌కీపర్ జీన్ పాల్ డానెబెర్గ్‌కు 27 లక్షలు ఇచ్చారు. బ్రిటన్ మిడ్‌ఫీల్డర్ జాక్ వాలెస్, బెల్జియం డిఫెండర్ ఆర్థర్ డి స్లూవర్ కూడా వచ్చారు. ఎవరికి వారే గొప్ప ఆటగాళ్లు. అయితే పై వరుసలో ఒకరు గోల్‌పోస్ట్ ముందు నిలబడేవాడు, ఇద్దరు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు. ఫార్వర్డ్ ఒక్కడూ లేడు.

ఇదే వేలంలో బెంగాల్ వాళ్లు ఏం చేశారో చూస్తే విషయం ఇంకా తేటతెల్లమవుతుంది. 72 లక్షలు పెట్టి అభిషేక్‌ను, 42 లక్షలు పెట్టి సుఖ్‌జీత్ సింగ్‌ను కొన్నారు. ఇద్దరూ ఫార్వర్డ్‌లే. ఆపైన 48 లక్షలకు జుగ్‌రాజ్‌ను తెచ్చుకున్నారు. అంటే తమ సొమ్ములో నాలుగో వంతు కంటే ఎక్కువ ఇద్దరు భారతీయ ఫార్వర్డ్‌ల మీదే పెట్టారన్నమాట. వీళ్లిద్దరూ ఫైనల్లో గోల్ కొట్టలేదు కదా అని మా టీ అంగడి మిత్రుడొకరు అడ్డు తగిలారు. నిజమే, కొట్టలేదు. కానీ ఇద్దరు ప్రమాదకరమైన ఫార్వర్డ్‌లు సర్కిల్ చుట్టూ తిరుగుతుంటే డిఫెండర్లకు ఊపిరాడదు. స్టిక్ అడ్డం పెట్టబోయి కాలికి బంతి తగిలించుకుంటారు, పెనాల్టీ కార్నర్ ఇచ్చుకుంటారు, ఎదురుగా మరో ఫార్వర్డ్ ఖాళీగా నిలబడి ఉన్నా చూసుకోలేరు. ఫార్వర్డ్ చేసే పనిలో సగం స్కోరు పట్టికలో కనబడదు.

ఈ జబ్బు తుఫాన్స్ ఒక్కదానిదే కాదు, మన జాతీయ జట్టుకూ ఉన్నది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత జట్టు కాంస్యం గెలిచిందని మనమందరం సంబరపడ్డాం. ఆస్ట్రేలియాను ఒలింపిక్స్‌లో 52 ఏళ్ల తర్వాత ఓడించామని నేనూ వీధిలో మిఠాయిలు పంచినవాణ్ణే. అయితే ఆ పోటీల్లో భారత్ కొట్టిన గోల్స్ మొత్తం 15 అయితే, అందులో 10 కెప్టెన్ హర్మన్‌ప్రీత్ ఒక్కడివే. అవన్నీ పెనాల్టీ కార్నర్ల మీదా పెనాల్టీ స్ట్రోక్‌ల మీదా ఆధారపడినవే. మిగిలిన అయిదింటిలో అభిషేక్‌వి రెండు, సుఖ్‌జీత్‌ది ఒకటి, మన్‌దీప్ సింగ్‌ది ఒకటి, వివేక్ సాగర్ ప్రసాద్‌ది ఒకటి. ఒలింపిక్స్ ముగిసిన రెండు నెలలకు జరిగిన వేలంలో, పారిస్‌లో ఫార్వర్డ్‌లు కొట్టిన నాలుగు గోల్స్‌లో మూడింటికి సొంతదారులైన ఇద్దరినీ బెంగాల్ వాళ్లు పట్టుకుపోయారు. అది యాదృచ్ఛికం అనుకోను. ఎవరో కూర్చుని లెక్క చూసుకుని ఉంటారు.

ఆ పారిస్ సెమీఫైనల్లోనే భారత్‌ను 3-2తో ఓడించిన జర్మనీ జట్టులో పెయిలాట్ ఉన్నాడు, ఒక గోల్ అతనిదే. అతని గొప్పతనం గురించి నాకెవరూ చెప్పనక్కరలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో అర్జెంటీనా స్వర్ణం గెలిచినప్పుడు 11 గోల్స్‌తో అందరికంటే ముందున్నది అతనే. తర్వాత జర్మనీ తరఫున ఆడటం మొదలుపెట్టి, 2023 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్ కొట్టి, ఆ కప్పు జర్మనీకి రావడంలో పెద్ద పాత్ర పోషించాడు. అతన్ని వదులుకోమని నేను అనను. అయితే ఈ నెలతో అతనికి 33 ఏళ్లు నిండాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పైగా ఎంత గొప్ప డ్రాగ్ ఫ్లికర్ ఉన్నా, పెనాల్టీ కార్నర్ దానంతటది రాదు. దాన్ని సంపాదించి పెట్టవలసినవాడు ఫార్వర్డే.

హాకీ అంతగా చూడని పాఠకుల కోసం ఈ పెనాల్టీ కార్నర్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. గోల్ ఉన్న వైపు మైదానపు చివరి గీత (బ్యాక్ లైన్) మీద, గోల్‌పోస్ట్‌కు కనీసం 10 మీటర్ల దూరం నుంచి ఒక ఆటగాడు బంతిని బయటికి తోస్తాడు. సర్కిల్ అంచున ఇంకొకడు దాన్ని ఆపుతాడు. ఆగిన బంతిని మూడో ఆటగాడు స్టిక్ వంపులో పట్టి, శరీరమంతా విల్లులా వంచి, ఈడ్చుకుంటూ వచ్చి గోల్‌లోకి విసురుతాడు. ఇదే డ్రాగ్ ఫ్లిక్. నేరుగా బలంగా కొట్టే మొదటి హిట్ అయితే గోల్ లోపలి చెక్క ఎత్తు, అంటే 460 మిల్లీమీటర్లు, దాటకూడదు. ఫ్లిక్‌కు ఆ నిబంధన లేదు కాబట్టి, 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు ఉన్న గోల్‌లో ఏ మూలకైనా విసరవచ్చు. ఎదుటి జట్టు నుంచి గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురే ఆ గీత వెనుక ఉండి కాపాడుకోవాలి. అందులో మొదటి రషర్ ప్రాణాలకు తెగించి ఫ్లికర్ మీదికి పరుగెత్తుతాడు. ఇప్పుడు ప్రతి జట్టు దగ్గరా ఎదుటి ఫ్లికర్ కొట్టిన ప్రతి బంతి వీడియో ఉంటుంది. ఏ మూలకు ఎన్నిసార్లు కొట్టాడో చూసుకుని రషర్‌ను దానికి తగ్గట్టు పంపుతున్నారు. పేరున్న ఫ్లికర్ మీద ఎంత ఎక్కువ ఆధారపడితే, ఎదుటివాళ్ల పని అంత తేలికవుతుంది. ఒంటెద్దుతో లాగించే బండి ఎద్దు అలిసిన చోటే ఆగిపోతుంది.

గోల్‌కీపర్‌ను మార్చాలన్న వాదన గురించి ఎక్కువ చెప్పను. డానెబెర్గ్ పారిస్‌లో రజత పతకం గెలిచిన జర్మనీ జట్టు గోల్‌కీపర్. జుగ్‌రాజ్ లాంటివాడు దగ్గరి నుంచి విసిరే బంతి గోల్‌కీపర్‌ను చేరడానికి అరసెకను కూడా పట్టదు. ఒక్క ఫైనల్లో మూడు ఫ్లిక్‌లు లోపలికి పోయాయని అలాంటివాణ్ణి తప్పించడం తొందరపాటు. ఏదైనా చేయదలచుకుంటే, రషర్లకు శిక్షణ ఇచ్చే మనిషిని పెట్టుకోవడం మేలు. ఇక సారథి సుమిత్ విషయానికొస్తే, టోక్యోలోనూ పారిస్‌లోనూ కాంస్యం గెలిచిన జట్లలో ఉన్నవాడు, మిడ్‌ఫీల్డ్‌లో అలుపెరగకుండా తిరిగేవాడు. కెప్టెన్‌ను మార్చాలన్న కోరిక మనకు క్రికెట్ చూసి అంటుకున్న అలవాటు అని నాకు అనిపిస్తుంది.

అసలు ప్రశ్న, ఎలాంటి ఫార్వర్డ్ కావాలి? తుఫాన్స్‌లో ఫార్వర్డ్‌లే లేరని కాదు. ఆస్ట్రేలియా నుంచి టిమ్ బ్రాండ్, జేకబ్ ఆండర్సన్ ఉన్నారు. మనవాళ్లలో శిలానంద్ లక్రా, తల్విందర్ సింగ్, కుర్రవాడు అర్ష్‌దీప్ సింగ్ ఉన్నారు. వీళ్లలో వేగం ఉన్నవాళ్లున్నారు, అనుభవం ఉన్నవాళ్లున్నారు. కావలసింది సర్కిల్‌లోకి అడుగు పెట్టగానే తల ఎత్తి చూడకుండానే గోల్ ఎటుందో తెలిసిన మనిషి. గోల్‌కీపర్ కాలికి తగిలి వెనక్కి వచ్చిన బంతిని మొదట అందుకునేవాడు. పక్క నుంచి వేగంగా వచ్చే బంతికి స్టిక్ కొస తగిలించి దారి మళ్లించేవాడు. బంతి ఎడమవైపు ఉన్నా, ఒంటిని తిప్పుకునే సమయం లేనప్పుడు స్టిక్ తిరగేసి రివర్స్ హిట్ కొట్టేవాడు. ఇవన్నీ చూడటానికి అందంగా ఉండవు. స్కూలు పిల్లలకు నేను హాకీ నేర్పిన రోజుల్లో, బంతిని నలుగురి మధ్య నుంచి తిప్పుకుంటూ తీసుకుపోయేవాడికే చప్పట్లు పడేవి. గోల్‌పోస్ట్ దగ్గర నిలబడి రీబౌండ్ కోసం కాచుకునేవాణ్ణి సోమరి అనేవాళ్లు. ఆ సోమరి లేకపోతే మ్యాచ్ గెలవడం ఎంత కష్టమో ఫైనల్లో తెలిసింది.

అతను భారతీయుడే ఎందుకు కావాలి అని ఎవరైనా అడగవచ్చు. విదేశీయులు ఎనిమిది మందే. గోల్‌కీపర్‌కు ఒకటి, పెయిలాట్‌కు ఒకటి, డిఫెన్స్‌కు, మిడ్‌ఫీల్డ్‌కు పోగా మిగిలే స్థానాలు కొన్నే. పైగా విదేశీ ఆటగాళ్లకు లీగ్ జరిగే నెలల్లో సొంత దేశపు శిబిరాలు, దేశాల జట్లు ఆడే ప్రొ లీగ్ మ్యాచ్‌లు అడ్డం వస్తుంటాయి; గాయాలు సరేసరి. చివరి నిమిషంలో ఒకరు రాలేనంటే ఆ ఖాళీ మళ్లీ ఫార్వర్డ్ వరుసలోనే కనబడుతుంది. భారతీయ ఫార్వర్డ్‌పై పెట్టిన డబ్బు స్థిరంగా పనికి వస్తుంది. ఈ జూన్‌లో ఐరోపాలో జరిగిన ప్రొ లీగ్ మ్యాచ్‌ల్లో భారత జట్టు వరుసగా ఏడు ఓడి, తొమ్మిది జట్ల లీగ్‌లో ఎనిమిదో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ ఓటముల్లో చాలావరకు ఒక్క గోల్ తేడాతో పోయినవే. ముందు వరుసలో ఇంకొక ధైర్యవంతుడు ఉంటే అని అప్పుడు అనుకోనివాళ్లు మాలో ఎవరూ లేరు.

అయితే అభిషేక్‌నో సుఖ్‌జీత్‌నో తెచ్చేయండి అని నేను సలహా ఇవ్వను. గెలిచిన జట్టు తన ఫార్వర్డ్‌లను వదులుకుంటుందని ఆశించడం అమాయకత్వం. పేరున్నవాళ్ల వెంట పడితే ధర పెరగడమే తప్ప ప్రయోజనం ఉండదు. 42 లక్షలకు గోనాసిక జట్టు కొన్న అరైజీత్ సింగ్ హుందల్‌ను చూడండి. వేలం నాటికి అతను ఇంకా జూనియర్. రెండు నెలలు తిరక్కుండానే, 2024 డిసెంబరులో మస్కట్‌లో జరిగిన జూనియర్ ఆసియాకప్ ఫైనల్లో పాకిస్థాన్ మీద భారత్ 5-3తో గెలిస్తే అందులో నాలుగు గోల్స్ అతనివే. అలాంటి కుర్రవాణ్ణి ఒక ఏడాది ముందే గుర్తించగలిగిన జట్టుకు అతను చవకగా దొరికి ఉండేవాడు. ఈ ఏడాది నవంబరు, డిసెంబరుల్లో చెన్నై, మదురైలలో జూనియర్ ప్రపంచకప్ జరగబోతోంది. దానికోసం జరుగుతున్న శిబిరాల్లో ఎవరు సర్కిల్‌లో చురుగ్గా ఉన్నారో చూడటానికి తుఫాన్స్ యాజమాన్యం ఒక మనిషిని పంపితే, వేలంలో పెట్టే ఖర్చులో పదో వంతు కూడా కాదు. తమ దగ్గరే ఉన్న అర్ష్‌దీప్‌కు ఎక్కువ నిమిషాలు ఆడే అవకాశం ఇవ్వడం కూడా అంతే అవసరం. బెంచీ మీద కూర్చోబెట్టి ఫార్వర్డ్‌ను తయారు చేయలేరు.

ఇక్కడ ఒక మాట పక్కదారి పట్టినట్లు అనిపించినా చెప్పక తప్పదు. హైదరాబాద్ జట్టును మా జట్టు అని ఎందుకంటున్నారు, మీరిప్పుడు వేరే రాష్ట్రం కదా, మీకు బెంగుళూరే దగ్గర కదా అని కొందరు యువకులు మమ్మల్ని ఆట పట్టిస్తారు. అది నిజమే, రైలెక్కితే బెంగుళూరు ముందొస్తుంది. కానీ హాకీ ఇండియా లీగ్‌లో బెంగుళూరుకు జట్టు లేదు. పైగా 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైనప్పుడు, గచ్చిబౌలి స్టేడియంలో జరిగిన ఆ తొలి పోటీల్లో విజేతగా నిలిచిన హైదరాబాద్ సుల్తాన్స్‌ను మా తరం సొంత జట్టుగానే చూసుకుంది. ఆ జట్టులో ఆడిన దిలీప్ తిర్కీయే ఇప్పుడు హాకీ ఇండియా అధ్యక్షుడు. అలాంటిది తుఫాన్స్ ఆడిన మ్యాచ్‌లన్నీ హైదరాబాద్‌కు దూరంగానే జరిగాయి. పేరులో హైదరాబాద్ ఉన్న జట్టు తన నగరంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఫైనల్ దాకా వెళ్లింది. లీగ్‌ను ఊరూరా తిప్పకపోవడానికి నిర్వాహకులకు ఖర్చుల కారణాలు ఉండి ఉంటాయి, కాదనను. కానీ గచ్చిబౌలిలో రెండు మ్యాచ్‌లు పెడితే మా ఊరి నుంచి రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగేవాళ్లు చాలామందే ఉన్నారు.

తిరిగి ఫార్వర్డ్ విషయానికి వస్తాను. తెలుగు నేల నుంచి భారత జట్టుకు ఆడిన హాకీ క్రీడాకారుల్లో అందరికంటే ఎత్తున నిలిచే పేరు మన ముకేష్ కుమార్‌ది. 1992, 1996, 2000 సంవత్సరాల్లో మూడు ఒలింపిక్స్ ఆడినవాడు, 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టు సభ్యుడు. అతను ఫార్వర్డే. తర్వాత ఆ స్థాయికి మన కుర్రవాడు ఒక్కడూ రాలేదు. మన సీమ వైపు చూస్తే, ఉమ్మడి చిత్తూరు జిల్లా మారుమూల పల్లె ఎనుములవారిపల్లె నుంచి బయల్దేరిన ఇ. రజని భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ (జట్టుకు అయిదుగురే ఆడే హాకీ) ప్రపంచకప్‌లో కెప్టెన్‌గా జట్టును ఫైనల్ దాకా నడిపింది. మరి ఆమె లాంటి ఆడపిల్ల ఈ లీగ్ చూసి ఏ జట్టులో తనను ఊహించుకోవాలి? మహిళల లీగ్‌లో నాలుగు జట్లున్నాయి. ఒడిశా, ఢిల్లీ, పంజాబ్, బెంగాల్. తుఫాన్స్ యాజమాన్యం పురుషుల జట్టుతోనే ఆగిపోయింది. ఇది మరో ఉత్తరంలో విడిగా రాయవలసిన సంగతే గానీ, ఒక వాక్యమైనా రాయకుండా ఉండలేకపోయాను.

తెలుగు కుర్రాళ్లకు స్థానం కేటాయించమని నేను అడగడం లేదు. ఆటలో కోటా అంటే ఇటు జట్టుకూ అటు కుర్రవాడికీ చేటే. కానీ మన పిల్లలు పంజాబ్, ఒడిశా, జార్ఖండ్ పిల్లలతో ఎందుకు పోటీ పడలేకపోతున్నారో తెలిసినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్తాను. ఇప్పుడు పెద్ద హాకీ అంతా సింథటిక్ టర్ఫ్ మీదే. నీటితో తడిపిన ఆ పచ్చిక మీద బంతి పట్టాల మీద రైలులా పోతుంది. ఎటు వస్తుందో ఎంత వేగంతో వస్తుందో ముందే తెలుస్తుంది. మా పిల్లలు ఎర్రమట్టి మీద, గులకరాళ్ల మీద ఆడి పెరుగుతారు. బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. అందుకని వాళ్లు బంతిని స్టిక్‌కు దగ్గరగా పట్టుకోవడం బాగా నేర్చుకుంటారు గానీ, దూరం నుంచి వచ్చే వేగమైన పాస్‌ను ఆపి వెంటనే కొట్టడం నేర్చుకోలేరు. ఆ ఒక్క విద్యే ఫార్వర్డ్‌కు ప్రాణం. ఏటా 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన జిల్లాలో, మ్యాచ్‌కు ముందు వేల లీటర్ల నీళ్లు చల్లవలసిన టర్ఫ్ కావాలని ఎలా అడుగుతారని మా మిత్రుడొకరు నన్ను నిలదీశారు. సమాధానం వెంటనే తోచలేదు. నీళ్లు తక్కువ పట్టే టర్ఫ్‌ల వైపు అంతర్జాతీయ హాకీ సమాఖ్య మొగ్గు చూపుతున్నదని చదివాను కాబట్టి, అలాంటిది మాలాంటి జిల్లాకు ముందు రావాలి కదా అని తర్వాత అన్నాను.

పునాది ఏమీ లేదని కూడా అనలేం. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ సంస్థ అనంతపురం క్రీడాగ్రామంలో పల్లెల పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు, ఎన్నో ఏళ్లుగా శిక్షణ ఇస్తున్నది. అందులో హాకీ కూడా ఉంది. ఉదయం అటువైపు వెళ్తే పాదాలకు సరైన బూట్లు కూడా లేకుండా వచ్చి, నెలలు తిరిగేసరికి వంగి పరుగెత్తడం నేర్చుకున్న పిల్లలు కనబడతారు. ఇంతమందిలో గోల్ వాసన తెలిసిన కుర్రవాడు ఒక్కడైనా ఉండడా? ఉన్నాడో లేడో వచ్చి చూసినవాళ్లు ఎవరు?

కాబట్టి తుఫాన్స్ యాజమాన్యానికి మీ పత్రిక ద్వారా నేను చేసే విన్నపం ఇది. పెయిలాట్‌ను, డానెబెర్గ్‌ను, సుమిత్‌ను ఉంచుకోండి. రెండో డ్రాగ్ ఫ్లికర్ కోసం వెతికే డబ్బును ఆపి, అమన్‌దీప్ లక్రాకే ఆ బాధ్యత పెంచండి. మిగిలే సొమ్ముతో ఇరవై, ఇరవై రెండేళ్ల వయసున్న భారతీయ ఫార్వర్డ్‌లను ఇద్దరిని తీసుకోండి. జూనియర్లకు తప్పనిసరిగా ఇవ్వవలసిన నాలుగు స్థానాలను, నిబంధన ఉంది కాబట్టి నింపుతున్నాం అన్నట్లు కాకుండా, ఆ ఫార్వర్డ్ వరుసను తయారు చేసుకునే చోటుగా వాడుకోండి. వేలానికి ముందు మీ శిక్షకుల్లో ఒకరిని రెండు రోజుల కోసం అనంతపురం పంపి, ఈ మూడు నాలుగు జిల్లాల పిల్లలను ఒకచోట చేర్చి చూడండి. తీసుకోమని అడగడం లేదు, చూడమని అడుగుతున్నాను. పోయిన వేలంలో కనీస ధర 2 లక్షల నుంచే మొదలైంది. ఆ ధరకు ఒక సీమ కుర్రవాడు నచ్చితే తీసుకోండి, నచ్చకపోతే వాడిలో ఏం తక్కువైందో రాసి మా వ్యాయామ ఉపాధ్యాయులకు పంపండి. ఆ కాగితం పట్టుకుని మేం వచ్చే ఏటికి పని మొదలుపెడతాం.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అనంతపురం.